నీటికుక్కకి చిరునామా

ఫోటో వదినకి మనిషి మొహం తప్ప ఇంకేదీ తీయడం రాదని వీధి వీధంతా అనేది. అందులో అబద్ధమేమీ లేదు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ మామగారి స్టూడియోలో ఆమె తీసినవన్నీ దరఖాస్తులకు అంటించే ఫోటోలే. వచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తించి, రెండు చెవులూ కనబడేలా జుట్టు వెనక్కి తోయించి, "ఊపిరి బిగబట్టకండి, ఫోటోనే తీస్తాను, ప్రాణం తీయను" అనేది. వెనక కట్టిన తెల్లగుడ్డ మీద ఒక్క మడత కనబడినా ఆమెకి ఆ పూట తిండి సహించేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే ఆడపడుచుని వెంటబెట్టుకుని లెన్సు బాబాయి కొట్టుకి వెళ్ళింది. కెమెరాలు బాగుచేసి, లెన్సులు అద్దెకిచ్చే ఆ పెద్దాయనని, "దూరంగా ఉన్న జంతువుని దగ్గరికి లాక్కొచ్చేది కావాలి బాబాయ్. ఏది పెద్దదైతే అది" అని అడిగింది.

బాబాయి కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, "నీకెందుకు తల్లీ జంతువులు? వాటికి ఏ దరఖాస్తులున్నాయని?" అన్నాడు.

నిజంగా దరఖాస్తు పనే. వీధి వెనక ఓ చిత్తడి నేల ఉంది. నడుము లోతు నీళ్ళు, మనిషిని ముంచేసే ఎత్తున తుంగ. ఆడపడుచు ఆ తుంగ కోసి చాపలు అల్లుతుంది. వీధిలో సగం ఇళ్ళకి అదే బతుకుతెరువు. వానలు ముంచెత్తినప్పుడు ఊళ్ళో నీళ్ళన్నీ ఆ నేలే తాగేస్తుంది కాబట్టి ఇళ్ళల్లో మంచాలు తేలడం లేదు. దాన్ని మట్టితో పూడ్చేసి గోదాములు కట్టాలని పురపాలక సంఘం తీర్మానించింది. 'నిరుపయోగమైన నేల, జంతుజాలం లేదు' అని నివేదిక కూడా రాయించింది. నిరుపయోగం ఎవరికో ఆ నివేదికలో లేదు. రాసినాయన కారు అద్దం దించి చూశాడు. ఓ దోమ లోపలికొచ్చింది. అద్దం ఎక్కించేసి వెళ్ళిపోయాడు. పరిశీలన అంతటితో సరి. అభ్యంతరాలుంటే విచారణకి ఆధారాలతో రమ్మన్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ నీళ్ళల్లో దిగుతున్న వాళ్ళ మాట ఆధారం కాదట. ఫోటో అయితే ఆధారమేనట.

ఆ తుంగలో నీటికుక్కలున్నాయి. తెడ్డులాంటి తోక, పిల్లి మీసాలు, నూనె రాసినట్టు నిగనిగలాడే ఒళ్ళు. చేపని ముందుకాళ్ళతో పట్టుకుని, తల దగ్గర్నుంచి కరకరా నమిలేస్తాయి. ఆడపడుచుకి అవి పక్కింటివాళ్ళంత తెలుసు. వాటి ఫోటో ఒక్కటి చూపించగలిగితే లారీలు ఆగుతాయి. లేకపోతే ఆ వారంలోనే మట్టి దిగుతుంది.

సంగతి విన్న బాబాయి వెంటనే బీరువా తెరిచాడు. "మొన్నటి వానకి నా కొట్లోకి నీళ్ళు రాలేదంటే ఆ తుంగ పుణ్యమే. అద్దె మాటెత్తకు."

బల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి మోచేతంత. రెండోది పసిపిల్ల అంత. ఆ పసిపిల్లని బాబాయి ఓ కెమెరాకి తగిలించి, స్టాండు మీద నిలబెట్టి గుమ్మంలోంచి వీధి వైపు తిప్పాడో లేదో, ఆడపడుచు కన్ను పెట్టేసి కేక పెట్టింది.

"వదినా! అదిగో ఆ చివరి మేడ మీద ఆవిడ వంకాయలు తరుగుతోంది!"

"అయితే?"

"పుచ్చులు తీయట్లేదు వదినా! అన్నీ కనబడుతున్నాయి! ఆగు, కేకేసి చెప్తాను..."

"నోరు మూసుకుని జరుగు. నన్ను చూడనీ." వదిన చూసింది. మంగలి షాపులో కునుకు తీస్తున్న పెద్దమనిషి ముక్కులో వెంట్రుకలు విడివిడిగా కనబడ్డాయి. వదిన ఒళ్ళు పులకరించింది. "బాబాయ్, ఇదే! ఇదే కావాలి!"

"తొందరపడకు తల్లీ. ఇది ఆరువందల మిల్లీమీటర్లది. దీన్ని నువ్వు మొయ్యాలి, నిన్ను ఇంకొకళ్ళు మొయ్యాలి. పైగా ఇది చూపించేది ఇంతే చోటు. ఈ చిన్నదైతే వంద నుంచి నాలుగువందల దాకా ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. వెనక్కి తిప్పితే జంతువుతో పాటు అదున్న చోటు కూడా పడుతుంది."

"చోటెందుకు బాబాయ్? నాకు మొహం కావాలి. వెనకాల గడ్డీ గాదం పడితే ఫోటో పాడైపోదూ!"

బాబాయి ఏదో అనబోయాడు. అప్పటికే ఆడపడుచు ఆ లెన్సుని చంకనేసుకుని వీధిలో నడుస్తోంది. ఎదురైనవాళ్ళంతా ఎవరి బిడ్డ అని అడిగారు.

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరూ తుంగ అంచున చాప పరుచుకుని బోర్లా పడుకున్నారు. లెన్సుకి ఇంట్లోంచి తెచ్చిన దిండు వేశారు, వాళ్ళకి మాత్రం బురదే. మంచు విడుతుండగా నీళ్ళ మీద ఓ గీత కదిలింది. గీత చివర తల. తల కింద మీసాలు. వదిన కెమెరాకి కన్ను ఆనించింది. అలవాటు కొద్దీ పెదవులు కదిలాయి: "కొంచెం గడ్డం పైకి..."

నీటికుక్క నిజంగానే గడ్డం పైకెత్తి వాసన చూసింది. రెండు చెవులూ కనబడ్డాయి.

"చూశావా! నా మాట వింది!" అని వదిన ఊగిపోయింది. "మనుషులు కూడా ఇంత బుద్ధిగా కూర్చోరు!"

ఒకదాని తర్వాత ఒకటి నాలుగైదు మొహాలు దొరికాయి. ఒక్కొక్కటీ అద్దంలా ఉంది. వెనకాల తుంగా నీళ్ళూ కరిగిపోయి, ఉతికి ఆరేసిన గుడ్డలా ఒకే తెలుపు. ఇద్దరూ బురద కాళ్ళతోనే ఇంటికి పరుగెత్తి, ఫోటోలు ప్రింటు వేసి, ఆరకముందే విచారణాధికారి గారి ఆఫీసుకి పట్టుకెళ్ళారు.

ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశారు. "ఎంత బాగున్నాయమ్మా! ఎక్కడివి?"

"మా వీధి వెనకవేనండి మేడమ్."

"మీ వీధి వెనకవని వీటిలో ఎక్కడుంది?"

వదిన ఫోటోలన్నీ మళ్ళీ తిరగేసి వెతికింది. అన్నిటి వెనకా తెలుపే.

"నేను నమ్ముతాను. వాళ్ళ లాయరు జంతుప్రదర్శనశాలలో తీశారంటే ఏం చెప్పాలి? చోటు కనబడాలమ్మా. రేపే విచారణ. వీలైతే అలాంటిది తీసుకురండి."

మెట్లు దిగుతూ వదిన నెత్తి కొట్టుకుంది. ఆమె జీవితమంతా చేసింది ఆ పనే కదా. మనిషి వెనక ఏముందో చెరిపెయ్యడం. ఏ ఆఫీసువాళ్ళైనా మనిషి చెవులు అడుగుతారు గానీ, ఆ మనిషి ఎలాంటి ఇంట్లోంచి, ఏ నీళ్ళ పక్కనుంచి వచ్చాడో అడగరు. అడక్కపోయేసరికి అది కనబడకపోవడమే మంచి ఫోటో అని ఆమెకీ అలవాటైపోయింది. అదే మర్యాద నీటికుక్కకీ చేసింది. ఇది తలుచుకుని ముందు కళ్ళనీళ్ళు తిరిగాయి. "చెవులు మాత్రం భలే వచ్చాయి వదినా" అని ఆడపడుచు ఓదార్చేసరికి ఫక్కున నవ్వొచ్చేసింది. ఆఫీసు మెట్ల మీదే ఇద్దరూ పొట్టలు పట్టుకుని కూలబడ్డారు.

సాయంత్రం బాబాయి చిన్న లెన్సు ఇస్తూ, "నేను చెప్పలా?" అన్నాడు.

"చెప్పావులే. రేపు పొద్దున అవి ఎక్కడికొస్తాయో ఎలా తెలుస్తుంది, అది చెప్పు."

"దానికి ఆయనెందుకు, నేను లేనూ?" అంది ఆడపడుచు. "గట్టు మీద మున్సిపాలిటీ వాళ్ళు బోర్డు పాతారు చూడు. రోజూ పొద్దున అందరూ కలిసి అక్కడికే వస్తాయి."

"దేనికి?"

"మనం పొద్దున్నే దేనికి వెళ్తామో దానికే."

బాబాయి కళ్ళద్దాలు ఊడి బల్ల మీద పడ్డాయి.

తెల్లారింది. గట్టుకి ఇవతల ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని పడుకున్నారు. తుంగలోంచి కుటుంబం మొత్తం బయటికొచ్చింది. అన్నిటికన్నా పెద్దది బోర్డు కింద నిలబడి, తోక ఎత్తి, వెనక కాళ్ళతో టపటపా తొక్కుతూ, గెంతులేస్తూ పొద్దుటి పని మొదలుపెట్టింది. పైన పెద్ద పెద్ద అక్షరాలతో 'పురపాలక సంఘం వారి ఖాళీ స్థలం'.

వదిన చెయ్యి లెన్సు మీద దానంతటదే తిరిగింది. మొహం దగ్గరికొచ్చింది. మీసాలు. చెవులు. ఎంత ముద్దుగా ఉన్నాయో!

ఆడపడుచు చేతి మీద ఒక్కటిచ్చింది. "వెనక్కి! వెనక్కి తిప్పవే తల్లీ!"

వదిన పళ్ళు బిగించి వెనక్కి తిప్పింది. మొహం చిన్నదైంది, బోర్డు వచ్చింది, తుంగ వచ్చింది, దూరంగా వాళ్ళ వీధి కప్పులూ వాటి మీద ఆరేసిన బట్టలూ వచ్చాయి. నొక్కింది.

విచారణ హాల్లో ఆ ఫోటో చేతులు మారుతుంటే బల్ల వెంబడే నవ్వు కూడా పాకింది. అధికారి గారు దగ్గొచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఈ బోర్డు మీదేనా?"

లాయరు తలూపాడు. "మాదేనండి. కానీ మేడమ్, ఆ జంతువు అక్కడ ఏం చేస్తోందో..."

"మీ నివేదిక చదివిందండి," వెనక వరసలోంచి ఆడపడుచు గొంతు ఖంగుమంది. "అభిప్రాయం చెప్తోంది."

ఇక హాల్లో ఎవరూ ఎవరి మాటా వినలేదు. నవ్వులు సద్దుమణిగాక అధికారి గారు ఆదేశం చదివారు. నిపుణులు నీళ్ళల్లోకి దిగి చూసేదాకా అక్కడ ఒక్క తట్ట మట్టి పడకూడదు. ఇది గెలుపు కాదు, గడువు. గడువులో కళ్ళు తెరుచుకుని ఉండకపోతే గోదాములు మళ్ళీ వస్తాయి. ఆ సంగతి వీధికి తెలుసు. తెలిసినా ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరూ నేల మీద లేరు.

మట్టి లారీ అప్పటికే గట్టు దగ్గరికి వచ్చేసి ఉంది. కాగితం చూపిస్తే డ్రైవరు, "నాకేంటమ్మా, వెనక్కి తిరిగే చోటు చూపించండి చాలు" అన్నాడు. ఆడపడుచు కొంగు బిగించి లారీ వెనక నిలబడింది. "రానీ... రానీ... కుడికి కొయ్యి... నీ కుడి కాదయ్యా, నా కుడి!" వీధి వీధంతా అరుస్తూ దారి చూపిస్తోంది.

ఇది ఫోటో తీయాల్సిందే అనుకుంది వదిన. కెమెరాకి ఇంకా బాబాయి లెన్సే ఉంది. చూస్తే లారీ చక్రం ఒక్కటే పట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది. తలుపు వచ్చింది. ఇంకాస్త జరిగింది. డ్రైవరూ, ఆడపడుచు చెయ్యీ వచ్చాయి. వీధి జనమంతా రావాలి కదా అని చూసుకోకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ, మోకాలి లోతు నీళ్ళల్లోకి దిగిపోయి, చుట్టూ తుంగ ఊగుతుంటే, "కదలకండి, అందరూ వస్తున్నారు!" అని కేకేసింది.