చెంపకు తెలిసిన తడి

నా చిన్నప్పుడు మా మామయ్య నన్ను ఒకే ఒక మాట అడిగాడు. నేను లేదన్నాను. అది అబద్ధమని ఎవరికీ చెప్పకుండా దాదాపు నలభై ఏళ్ళు గడిపేశాను. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు రాస్తాను.

మా అమ్మకు తమ్ముడైన ఆ మామయ్యకు మా ఊళ్ళోని పాయా లేబర్ పేటలో చిన్న షెడ్డు ఉండేది. కార్ల సీట్లు కుట్టేవాడు. కొన్ని కార్లకు ఉండే గుడ్డ టాపులు, అంటే మడిచే పైకప్పులు, కుట్టడంలో ఆయన చేతికి మంచి పేరు. బడి లేని రోజుల్లో నేనూ అక్కడే ఉండేవాణ్ణి. ఒక డాక్టరు గారి పాత జర్మన్ కారు ఆయన దగ్గరికి వచ్చేది. మీగడ రంగు, రెండే సీట్లు, ఎర్రటి తోలు, పల్చటి పెద్ద స్టీరింగు. టాపు మడిస్తే సీట్ల వెనక మూత కిందికి పోయి, ఆ కారుకు పైకప్పు అనేదే లేనట్టు కనిపించేది. ఎటు చూసినా ఫ్లాట్లే ఉన్నచోట పెరిగిన నాకు, కూర్చుంటే చాలు ఆకాశమంతా కనబడే ఆ కారు కంటే గొప్ప వస్తువు లోకంలో లేదనిపించేది.

ఆ ఏడు మామయ్య దానికి కొత్త టాపు కుట్టాడు. మూడు వారాల పని. తడి టాపు మడిచి వదిలేస్తే బూజు పడుతుందని, ముడుచుకుపోయి కుట్లు తెగుతాయని చెప్పి, తడి చూడటం నాకు నేర్పాడు. "వేళ్ళని నమ్మకురా. సూది పట్టీ పట్టీ మొద్దుబారిపోయుంటాయి. చెంప ఆనించి చూడు" అనేవాడు.

ఒక శనివారం వాన వెలిశాక కారును షెడ్డు ముందు ఆరబెట్టి, "మకాన్‌కి వెళ్ళొస్తా, చూస్తుండు" అని ఎదుటి హాకర్ సెంటర్‌కి భోజనానికి వెళ్ళాడు. నేను టాపుకు చెంప ఆనించాను. చల్లగా తగిలింది. అయినా కొక్కేలు విప్పి, మడిచి, మూత వేసి, లోపల కూర్చున్నాను. పది నిమిషాలు, అంతే. మాటలు వినబడి కిందికి దూకేశాను. మామయ్యతో పాటే డాక్టరు గారూ వచ్చారు.

"ఓపెన్ చేసి పెట్టావా, వెరీ గుడ్ లా" అని మామయ్యతో మా ఊరి యాసలో అంటూ డాక్టరు గారు సంబరంగా ఎక్కి అలాగే తోలుకుపోయారు.

మామయ్య నా వైపు తిరిగాడు. "నువ్వేమైనా ముట్టుకున్నావురా?"

"లేదు మామయ్యా."

"అయితే వెళ్ళేముందు నేనే మడిచి మర్చిపోయుంటాను. ఆరాకే మడిచుంటానులే."

రెండు వారాలకు కారు తిరిగొచ్చింది. టాపు నిండా నల్లటి మచ్చలు, ఒక పక్క కుట్టు విడిపోయింది. తప్పు తనదేనని మామయ్య డాక్టరు గారికి చెప్పాడు. ఆ కారు మళ్ళీ రాలేదు. ఆ తర్వాత టాపు పని ఎవరు తెచ్చినా తనే వద్దని పంపేసేవాడు. రిటైరయ్యేదాకా బస్సు సీట్లే కుట్టాడు. తాళం వేసి సగం దూరం వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూసుకోవడం కూడా అప్పుడే మొదలైంది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

పోయిన నెల సెంగ్‌కాంగ్‌లో ఆయన ఫ్లాట్‌కి వెళ్ళాను. ఆరిన బట్టలు మడుస్తున్నాను, అలవాటుగా ఒక్కొక్కటీ చెంపకు ఆనించుకుని. గ్యాస్ ఆపానో లేదో అని మామయ్య మూడోసారి వంటింట్లోకి వెళ్ళొచ్చాడు.

"తాతా, యూ వర్రీ టూ మచ్ లా" అంది ఆయన మనవరాలు.

"వయసు వల్ల కాదమ్మా. నా బుర్రని నమ్మకూడదని ఆ డాక్టరు గారి కారు విషయంలో అప్పుడే తెలిసిపోయింది" అని నవ్వాడు.

చెంపకు ఆనించిన తువ్వాలు కిందికి దించాను.

"మామయ్యా, ఆ టాపు మడిచింది నువ్వు కాదు, నేను. తడిగా ఉందని తెలిసే మడిచాను. నువ్వు అడిగితే లేదన్నాను."

ఆయన నా చేతిలోని తువ్వాలు వంక చూశాడు. "అయితే నేను మర్చిపోలేదన్నమాట" అన్నాడు మెల్లగా.

"లేదు మామయ్యా. నువ్వేమీ మర్చిపోలేదు. నన్ను క్షమించు."