మిరప చేతులు

చిలకలూరిపేట దాటి బస్సు కోల్డ్ స్టోరేజీల పక్కగా వెళ్తుంటే, మిరప ఘాటుకి వరసగా ఆరు తుమ్ములు వచ్చాయి. పక్కసీటు పెద్దాయన మూడో తుమ్ము దాకా దీవించి, తర్వాత కిటికీ వైపు జరిగాడు. నాకు సుశీల మేడమ్ గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్లు.

పేటలో ఆవిడకు పెళ్లి వీడియోల స్టూడియో ఉండేది. నేను ఎడిటర్ని, అంటే పెళ్లికొడుకుల ఆవలింతలు కోసేవాణ్ణి. అక్కడ పనిచేసే నలుగురం కలిసి 'కోరిక' అనే అంశం మీద ఒక సినిమా తీశాం. నాలుగు కథలు, నలుగురు దర్శకులు, మేడమ్ ఇచ్చిన ఒకటే కెమెరా. మిగతా ముగ్గురి కథల్లో కోరిక వానలో తడిసి ఏడ్చింది. నాది కామెడీ. మిరపకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే అమ్మాయి, బస్తాలు మోసే అబ్బాయి. ఆమె అతని చెంప తాకబోయినప్పుడల్లా ఎవరో ఒకరు తుమ్ముతారు. చివర్లో ఎలాగో తాకుతుంది. మావాళ్లు పడీపడీ నవ్వారు.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు మేడమ్ చూశారు. నవ్వలేదు.

"ముచ్చికలు తీసిన చేత్తో చెంప ముట్టుకుందేంట్రా? మంటకి చస్తాడు వాడు."

కామెడీయే కదా అన్నాను. పెళ్లైన కొత్తలో తానూ ఆ పనికి వెళ్లానని, ఇంటికొచ్చాక చంటిబిడ్డను కూడా ఎత్తుకోలేకపోయేదాన్నని అప్పుడు చెప్పారు.

"మా ఆయన గుమ్మంలో కూర్చోబెట్టి, నూనె రాసి, ఒక్కో వేలూ కడిగేవాడు. ఆయన చేతులూ మండేయి. ఏమీ అనేవాడు కాదు. ఎప్పుడు సాయంత్రమవుద్దా అని పొద్దుటినుంచీ నాకదే ధ్యాస."

ఆ రాత్రే నా కథ మళ్లీ ముందేసుకు కూర్చున్నాను.

తుమ్ములు తీసేస్తే నా కథలో మిగిలేది నేనొక్కణ్ణే. నవ్వు రాకపోతే హాలంతా నన్నే చూస్తుందని భయం. అయినా తీసేశాను. గుమ్మం, గిన్నె, నాలుగు చేతులు; మళ్లీ తీశాం. నూనె ఎలా రాయాలో ఆ అబ్బాయికి మేడమే నేర్పారు. ఎడిటింగ్‌లో మూడో వేలు దగ్గర కట్ చేయబోతే మౌస్ మీది నా చేతిని పట్టుకున్నారు.

"ఇంకా రెండు వేళ్లున్నాయి. ఆగు."

ప్రదర్శన రోజు హాల్లో ఎవరూ నవ్వలేదు, ఈల వేయలేదు. చివరి వరసలో ముచ్చికలు తీసే ఒక పెద్దావిడ తన వేళ్లు తానే ఒక్కొక్కటిగా నిమురుకుంటూ తెరవైపు చూస్తోంది. నేను తెర చూడటం మానేసి ఆవిడనే చూశాను. ఆవిడ వేళ్లలో కనిపించినంత పెద్ద సినిమా నేను తీయలేదు.

ఇప్పుడు గుంటూరులో పెళ్లిళ్లే ఎడిట్ చేస్తున్నాను. ఆవలింతలు మాత్రం కోయడం లేదు. కాస్త ఆగితే, ఆవలించే అతణ్ణి ఓరగా చూసి పక్కనున్న పెళ్లికూతురు నవ్వుకోవడం కనిపిస్తుంది.