పిన్ని చేతుల గోరింటాకు

కొవిడ్ మూసివేతలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, జూబ్లీహిల్స్‌లో ఒక స్పాకి మేనేజర్‌గా చేరాను. ఫిల్మ్‌నగర్ వైపు దిగే రోడ్డులో ఒక నగల దుకాణం పైన ఉన్న రెండు అంతస్తులు మావి. అంతకు ముందు ఒక హోటల్ హెల్త్ క్లబ్బులోను, దానికి ముందు వెంగళరావు నగర్‌లో ఒక బ్యూటీ పార్లర్‌లోను పనిచేశాను. ఉద్యోగం చాలించింది మాత్రం ఆ స్పాలోనే.

నేను ఇంటర్ దాటి చదవలేదు. ఈ వృత్తికి కావలసిన చదువు మా కాలనీ దగ్గరున్న గ్రంథాలయంలో సంపాదించుకున్నాను. రోమన్ల స్నానశాలల్లో ముందు గోరువెచ్చని గది, తర్వాత వేడి గది, చివర చన్నీళ్ళు అనే వరస ఉండేదని అక్కడే తెలుసుకున్నాను. వైద్య విద్యార్థుల పుస్తకం ఒకటి ముందేసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చర్మం గురించి చదివాను. కొత్తగా చేరిన అమ్మాయిలకి శిక్షణ ఇచ్చేటప్పుడు ఇవన్నీ చెప్పేదాన్ని. వాళ్ళు ఆవలింతలు ఆపుకుంటూ వినేవారు.

స్పాలో అంచెలు ఇలా ఉంటాయి. తువ్వాళ్ళు, నీళ్ళు చూసేవాళ్ళు అటెండెంట్లు. ఒంటికి చెయ్యి తగిలించి పనిచేసేవాళ్ళు థెరపిస్టులు. వాళ్ళ మీద సీనియర్ థెరపిస్ట్, అందరి మీదా మేనేజర్. వచ్చినవాళ్ళని కస్టమర్ అనకూడదు, గెస్ట్ అనాలి. గెస్ట్ కాస్త ముందుగా వస్తారు. ఫోన్ లాకర్లో పెడతారు. రిసెప్షన్లో బీపీ, ఆపరేషన్లు, చర్మానికి పడనివి అడిగి రాసుకుంటాం. దీన్నే కన్సల్టేషన్ అంటాం. తర్వాత కాళ్ళు కడిగి లోపలికి తీసుకెళతాం. ఎక్కడ పని జరుగుతుందో ఆ భాగం తప్ప ఒళ్ళంతా దుప్పటితో కప్పే ఉంచుతాం. లోపల థెరపిస్ట్ అడగవలసింది ఒక్కటే, ఒత్తిడి సరిపోయిందా అని. గెస్ట్ మాట్లాడితే జవాబివ్వాలి, లేకపోతే లేదు. మా సంస్థ పెట్టిన నియమాల్లో ఈ మౌనం అన్నిటికన్నా ముందుండేది.

చెప్పుకోవడానికి ఇవి బాగుంటాయి. గెస్టుల సంగతి వేరు. గంట ఆలస్యంగా వచ్చి పూర్తి సమయం కావాలనేవారు ఉన్నారు. గట్టిగా నొక్కమని పంతం పట్టి, మర్నాడు భుజం పట్టేసిందని ఫోన్ చేసినవారు ఉన్నారు. ఒక నిర్మాత ఆవిరి గదిలో కూర్చుని ఒక కుర్ర రచయిత చేత కథ చెప్పించుకున్నారు. ఇంటర్వెల్ దాకా వచ్చేసరికి ఆ అబ్బాయికి కళ్ళు తిరిగాయి. మాస్కు, టోపీ, నల్లకళ్ళద్దాలతో వచ్చే నటులు కొందరు తమని ఎవరూ గుర్తు పట్టకూడదనేవారు. నిజంగానే ఎవరూ పట్టకపోతే మొహం మాడ్చుకుని వెళ్ళేవారు.

ఇవన్నీ చూసుకుంటూ నేను రోజంతా మెట్లెక్కి దిగుతూ ఉండేదాన్ని. బాయిలర్ ఆగిందా, తువ్వాళ్ళు లాండ్రీ నుంచి వచ్చాయా, ఏ గదిలో ఏసీ నీళ్ళు కారుతున్నాయి, ఇదే ధ్యాస. హాల్లో చిన్న ఫౌంటెన్ ఉండేది. ఆ నీటి చప్పుడు వింటే హాయిగా ఉంటుందని గెస్టులు అనేవారు. నాకు ఎక్కడో కుళాయి కట్టెయ్యడం మరిచిపోయినట్టుండేది.

సుభద్రగారు వచ్చిన మధ్యాహ్నం నేను పై అంతస్తులో బాయిలర్ మెకానిక్‌తో ఉన్నాను. ఆవిడ సినిమాల్లో క్యారెక్టర్ ఆర్టిస్ట్. పేరు చెబితే ఎవరికీ తెలియదు, మొహం చూస్తే ఎక్కడో చూశామే అనిపిస్తుంది. పెళ్ళి సీన్లలో రెండో వరసలో నిలబడి అక్షింతలు వేసే అత్తగానో వదినగానో చాలా ఏళ్ళు చేశారు. ఆ రోజు హీరో రాక షూటింగ్ ఆగింది. హీరోయిన్ తనకి ఎవరో ఇచ్చిన స్పా కూపన్ ఈవిడ చేతిలో పెట్టిందట. ఆవిడ స్పాలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. కన్సల్టేషన్లో అన్నీ చెప్పి, థెరపిస్ట్‌తో ఒక్క మాట అన్నారు. "నన్ను పలకరించొద్దమ్మా. వారం నుంచి పెళ్ళి సెట్లో బాజాలే బాజాలు. నేను పడుకుంటాను, నీ పని నువ్వు చేసుకో."

ఆ థెరపిస్ట్ రోజ్‌లిన్, ఎర్రగడ్డ అమ్మాయి. చేతిలో బలం, పనిలో శ్రద్ధ రెండూ ఉన్న మనిషి. గెస్ట్ వద్దన్నాక నోరు తెరిచే రకం కాదు. ఒళ్ళంతా స్క్రబ్, అంటే ఉప్పు, నూనె కలిపిన ముద్దతో నలుగు లాంటిది, పెట్టింది. తర్వాత ఆవిరి. ఆ తర్వాత నూనెతో మర్దన. సుభద్రగారు గురక పెట్టి నిద్రపోయారు.

నేను కిందికి దిగేసరికి ఆవిడ విశ్రాంతి గదిలో తెల్ల గౌనులో కూర్చుని ఉన్నారు. అల్లం టీ కప్పు అందుకోబోయి ఆగిపోయారు. రెండు చేతులూ మొహం ముందు పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుని, నా వైపు చాపారు.

"ఇవి నా చేతులు కావండీ," అన్నారు.

అరచేతుల్లో పాలిపోయిన నారింజ రంగు గీతలు కనిపించాయి. చేతుల వెనక అయితే అవీ సరిగా లేవు. ఒక పక్క తీగ మొదలై మణికట్టు దగ్గర మాయమైపోయింది. రోజ్‌లిన్‌ని పిలిచి అడిగాను. "పాత మెహందీ అనుకున్న మేడం. స్క్రబ్‌కి సగం పోయింది. సగం సగం ఉంటే గలీజుగ ఉంటది గదా అని జర గట్టిగనే రుద్దిన," అంది. చేసింది మంచి పనేనన్న నమ్మకం ఆ గొంతులో ఉంది. మా మొహాలు చూశాక అది పోయింది.

సుభద్రగారు కూర్చోలేకపోయారు. గదిలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూ చెప్పారు. సినిమాలో ఆవిడ పెళ్ళికూతురి పిన్ని. మర్నాడు తీయబోయేది అప్పగింతలు. పిన్ని తన గాజులు తీసి పెళ్ళికూతురికి తొడుగుతుంది. కెమెరా మొహం మీద నుంచి చేతుల మీదికి దిగి అక్కడే ఆగుతుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కరి కోసం పెట్టిన క్లోజప్ అదే. డైరెక్టర్ పట్టుబట్టి అందరికీ అసలు గోరింటాకే పెట్టించారు. ముందు రోజుల షాట్లలో అదే చేతులు నిండుగా, ఎర్రగా ఉన్నాయి. ఒక షాట్లో ఉన్నది పక్క షాట్లోనూ ఉండి తీరాలి. సినిమావాళ్ళు దాన్ని కంటిన్యుటీ అంటారు. ఫొటోలు తీసి పెట్టుకుని దాన్ని కాపలా కాసేది అసోసియేట్ డైరెక్టర్.

"ఆయనకి ముందు ఫోన్ చేద్దామండీ," అన్నాను.

"చేస్తే ఏమవుతుందో తెలుసా మీకు? నేనేమన్నా హీరోయిన్నా, నా కోసం ఆగడానికి? పిన్ని ఊరెళ్ళిందని ఎవరి చేతో ఒక డైలాగ్ చెప్పిస్తారు. గాజులు మేనత్త తొడుగుతుంది. ఆ మేనత్త వేషం వేసే ఆవిడ దీనికోసమే కాచుకుని కూర్చుంది."

మా యజమానికి ఫోన్ చేశాను. గెస్ట్‌కి ఇంకో ఫుల్ బాడీ మసాజ్ ఉచితంగా ఇచ్చెయ్యమన్నారు. ఆవిడ ఒంటి మీద ఇంకా పోగొట్టడానికి ఏం మిగిలిందని నేను అడగలేదు.

నాకు టోలిచౌకిలో నస్రీన్ తెలుసు. పెళ్ళికూతుళ్ళకి మెహందీ పెట్టడం ఆవిడ వృత్తి. పార్లర్ రోజుల నుంచి పరిచయం. కబురు చెయ్యగానే ఆటోలో వచ్చింది. సుభద్రగారి చేతులు వెలుతురులో పెట్టి చూసి ముక్కుతో వాసన పట్టింది. "తేల్ ఎవరు పెట్టిన్రు? తేల్ మీద మెహందీ కూసోదు," అంది. నూనె మీద గోరింటాకు పట్టదన్నది నేనూ చదివిందే. గోరింటాకు రంగు చర్మం పైన ఉండే మృతకణాల పొరలో దిగుతుంది. స్క్రబ్ చేసే పనే ఆ పొరని తీసెయ్యడం, అందుకే రంగు పోయింది. కింది నుంచి బయటపడ్డ కొత్త పొర రంగు బాగానే పట్టుకుంటుంది, కాని నూనె అడ్డం ఉండకూడదు. ఈ మాట చెబితే నస్రీన్, "అదే గదా నేను చెప్పింది," అని శనగపిండి తెమ్మంది. రోజ్‌లిన్ ఆ చేతులు మళ్ళీ కడిగింది. ఈసారి పసిబిడ్డకి స్నానం చేయిస్తున్నట్టు కడిగింది.

మిగిలిన నారింజ గీతల మీదే నస్రీన్ కోన్‌తో దిద్దుకుంటూ వెళ్ళింది. రెండు అరచేతులూ అలాగే పూర్తయ్యాయి. కుడిచేతి వెనక కూడా ఎలాగో ఆనవాలు పట్టింది. ఎడమచేతి వెనక వైపుకి వచ్చి కోన్ పైకెత్తింది. "గీడ ఏం లేదు. సాఫ్ అయిపోయింది. నా మనసుకొచ్చింది ఏస్తే రేపు దొరికిపోతరు. ఫోటో ఉందా?"

ఫోటో ఉన్నది అసోసియేట్ దగ్గరే.

"సరే, ఆయనకే ఫోన్ చేస్తాను," అన్నారు సుభద్రగారు. ఆవిడ ఫోన్ లాకర్లోంచి తెప్పించాను. రెండు అరచేతులూ పచ్చి ముద్దతో ఉన్నాయి కాబట్టి రోజ్‌లిన్ నంబర్ నొక్కి ఆవిడ చెవి దగ్గర పట్టుకుంది. ఫోన్ ఆవిడ చెవి కమ్మకి తగిలి టకటకమంటోంది. సుభద్రగారు జరిగింది జరిగినట్టు చెప్పారు. స్పా అన్నారు, నిద్రపోయానన్నారు, మాట్లాడొద్దని తానే అన్నానని కూడా చెప్పారు. అవతలి మాటలు మాకు వినపడలేదు. నేను లేచి ఫౌంటెన్ ఆపేసి వచ్చాను.

ఆ అసోసియేట్ చెప్పింది తర్వాత ఆవిడ మాటల్లో విన్నాను. ఫొటోలు ఇప్పుడే పంపిస్తానన్నాడట. పొద్దున దూరం షాట్లు తీసుకుంటామని, చేతుల షాట్ సాయంత్రానికి జరుపుతానని, అప్పటిదాకా పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని చేతులు దాని కింద పెట్టుకోమని చెప్పాడట. చివర, "ఇప్పుడు చెప్పారు కాబట్టి సరిపోయింది మేడం. రేపు సెట్లో నా కంట పడుంటే మీరు ఊరెళ్ళేవాళ్ళే," అన్నాడట. సాయంత్రానికి రంగు ఎంత ముదురుతుందో దాన్ని బట్టి డైరెక్టర్ నిర్ణయమని కూడా అన్నాడు. అంటే వేషం ఇంకా దక్కినట్టు కాదు.

ఫొటోలు రాగానే వాటిని చూసి నస్రీన్ ఎడమచేతి వెనక వైపు కూడా పూర్తిచేసింది. ముద్ద ఆరాక నిమ్మరసం, పంచదార అద్దాలి. నీళ్ళు తగలకూడదు, వేడి తగలాలి. మా దగ్గర వీపు మీద పెట్టే వేడి రాళ్ళు ఉంటాయి. వాటిని తువ్వాళ్ళలో చుట్టి చేతుల కింద పెట్టాం. నస్రీన్ లవంగాల పొగ పట్టాలంది. స్టాఫ్ వంటగదిలోంచి పెనం తెప్పించి, పొగకి ఫైర్ అలారం మోగుతుందేమోనని నేను తలెత్తి కప్పు వంకే చూస్తూ నిలబడ్డాను. నిమ్మగడ్డి వాసన కోసం డబ్బు కట్టినవాళ్ళందరికీ ఆ సాయంత్రం లవంగాల వాసనే అందింది.

మాట్లాడొద్దని వచ్చిన మనిషి ఇక మాట్లాడటం ఆపలేదు. ముక్కు దురద పెడితే రోజ్‌లిన్ గోకింది. ఇడ్లీ తుంచి పెట్టింది. "ఏం రుద్దావు తల్లీ. మా ఇంటికి రా, అడుగంటిన గిన్నెలన్నీ నీకే ఇస్తాను," అన్నారు సుభద్రగారు. ఆ అమ్మాయి నవ్వాలో ఏడవాలో తెలియక ఇంకో ముక్క నోట్లో పెట్టింది. మా పాత గెస్ట్ ఒకావిడ, సందడి ఎక్కువైందని ఫిర్యాదు చెయ్యడానికి వచ్చి, సంగతి విని, మంచం అంచున కూర్చుని మేనత్త వేషం ఆవిడ గురించి మరిన్ని వివరాలు అడిగింది.

మర్నాడు నాకు ఏ పనీ సరిగా సాగలేదు. ఒకే గది ఇద్దరికి బుక్ చేశాను. రోజ్‌లిన్ ప్రతి గెస్ట్ దగ్గర నుంచీ బయటికి వచ్చి నా మొహం చూసి వెళ్ళేది. పొద్దు వాలుతుండగా సుభద్రగారి ఫోన్ వచ్చింది. ఎడమచేతి రంగు కొంచెం తక్కువగా ఉంటే మేకప్ మనిషి దిద్దాడట. డైరెక్టర్ రెండు చేతులూ దగ్గరగా చూసి లైట్లు వెయ్యమన్నారట.

"షాట్ ఓకే అయిందండీ. పిన్ని ఊళ్ళోనే ఉంది," అన్నారు.

మౌనం నియమాన్ని నేను తీసెయ్యలేదు. అది మంచి నియమమే, మనుషులు మా దగ్గరికి వచ్చేది చాలావరకు దాని కోసమే. అయితే దానికి ముందు ఒక ప్రశ్న చేర్చాను. కాళ్ళు కడిగేటప్పుడు, దీపాలు తగ్గించక ముందు, థెరపిస్ట్ నేరుగా అడగాలి: మీ ఒంటి మీద మారకూడనిది ఏమైనా ఉందా? బీపీ గురించి అడిగితే తడుముకునేవాళ్ళు కూడా దీనికి వెంటనే జవాబు చెప్పేవారు. ఒకరు గడ్డం అన్నారు. ఒకరు మెడ మీద గీయించుకున్న కత్తిగాటు అన్నారు. పొలంలో రైతు వేషం కోసం కావాలని ఎండలో నల్లబడ్డ ఒక నటుడు, దయచేసి నన్ను తెల్లబరచకండి అన్నాడు. సినిమాతో సంబంధం లేనివాళ్ళు కూడా చెప్పుకోవలసినవి చెప్పేవారు.

మా వృత్తిలో ఎదుటి మనిషి కళ్ళు మూసుకుని ఒళ్ళు అప్పగిస్తారు. ఏది ముట్టుకోకూడదో వాళ్ళు కళ్ళు తెరిచి ఉండగానే అడగాలి. మౌనం ఆ జవాబు వచ్చిన తర్వాతే మొదలవ్వాలి.