గడ్డికి స్నానం

గుర్రాలశాలలో ఇరవై ఏళ్లుగా మేత వేస్తున్న ఆయన్ని అందరూ దులుపుడు మామ అనేవాళ్లు. ఎండుగడ్డిని గుర్రం ముందే నిలబడి దులిపి దులిపి వేయడం తాత దగ్గర నేర్చిన విద్య. ఆ దుమ్మే ముక్కులోకి పోయి తెల్లగుర్రానికి దగ్గు పట్టుకుందని డాక్టరమ్మ తేల్చింది. పది రోజుల్లో తగ్గకపోతే దాన్ని అమ్మేస్తానన్నాడు యజమాని.

గడ్డిని నీళ్లలో తడిపి వేయమంది డాక్టరమ్మ. శాలలో తొట్టి లేదు. మామ ఇంట్లో బట్టలు నానబెట్టే డ్రమ్ము భుజానికెత్తుకుని ఒకటే పరుగు! భార్య వెంటపడి వచ్చింది.

"ఏమయ్యా, గడ్డికి స్నానమా? సబ్బు కూడా తేనా?"

"నవ్వింది చాలు, ఇటు పట్టు! గడ్డిలోంచి నీళ్లు వార్చాలి."

రోజూ ఇద్దరూ తడిసి ముద్దయ్యేవాళ్లు. పదోరోజు యజమాని గుర్రాన్ని నాలుగు చుట్లు పరుగెత్తించి, చెవి పెట్టి విన్నాడు. దగ్గు లేదు. "సరే, ఉండనీ" అన్నాడు.

మామ సంతోషం పట్టలేక గంతేసి డ్రమ్ములో కూలబడ్డాడు. భార్య చెయ్యి అందించకుండా పడీపడీ నవ్వింది.

"అవునుగానీ, ఏళ్ల తరబడి ఉన్న నీ దగ్గు కూడా వారం నుంచి వినబడట్లేదేమిటి?"

ఆ దగ్గు తాత నుంచి రక్తంలో వచ్చిందని మామ ఊరంతా చెప్పుకున్నాడు మరి!

"రక్తం కాదే," అన్నాడు నీళ్లలోంచే, "దులుపుడు!"

అంతే, నవ్వు ఆపుకోవడం ఇద్దరి తరమూ కాలేదు.