అత్త మోసిన నా మాట

పోయిన గురువారం పొద్దున మా వీధి అత్త చనిపోయింది. నేను పనికి పోయే లోకల్ రైలుబండి తిరువళ్లూరు దాటగానే ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ లేదు" అన్నాడు, అంతే. పుట్లూరులో దిగి, ఎదురు బండి పట్టుకుని కడంబత్తూరుకు తిరిగొచ్చాను. ఆ కాస్త దారి ఎంతకీ తరగలేదు.

అత్త నాకు చుట్టమేమీ కాదు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల, పట్టాల పక్కనే వాళ్ల ఇల్లు. ఆవడిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసేది. నాది అక్కడే ఒక కుట్టు కంపెనీలో పని. ఏళ్ల తరబడి ఇద్దరం ఒకే బండిలో, ఆడవాళ్ల పెట్టెలో వెళ్లొచ్చాం. ఆమె ఒళ్లో పేపరు పరిచి సాయంత్రం కూరకు బీన్స్ తరుగుతుంటే నేను ఆమె భుజం మీద పడి నిద్రపోయేదాన్ని. ఆవడి రాగానే నా చెయ్యి గిల్లేది. "లెయ్యి పాపా, ఇది నీ అత్తగారిల్లు కాదు, ఇంతసేపు పండుకునేదానికి!" అనేది. నిజానికి మా అత్తగారింట్లో అంత సుఖంగా నేనెప్పుడూ నిద్రపోలేదు.

ఆమె ఇంట్లో ఎప్పుడూ ఒక కుక్క ఉండేది. ఏ కుక్క వచ్చినా పేరు మణే. మొదటి మణి ముసలిదై పోయింది, రెండో మణి జబ్బు చేసి పోయింది. మూడోదానికీ అదే పేరేమిటత్తా అని అడిగాను ఒకసారి. "నోరు అలవాటు పడిపోయినాది పాపా. కొత్త పేరు పెడితే పాతోడు ఏమనుకుంటాడు?" అంది.

ఆ మూడో మణి గోధుమ రంగువాడు, ఒక చెవి వాలిపోయి ఉండేది. రోజూ మా వెనకే స్టేషనుకు వచ్చేవాడు. అత్త ఇచ్చిన సగం బన్ను కాళ్ల మధ్య పెట్టుకుని, బండి కదిలేదాకా ముట్టకుండా కూర్చునేవాడు. ఆ తర్వాత తిని ఇంటికి పోయేవాడు.

మా స్టేషన్లో బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఒక్కోసారి చివరి నిమిషంలో మైకులో మారుస్తారు. ఎక్కి దిగే బ్రిడ్జి ఆ చివర ఉంది. అంత దూరం ఎవరు పోతారు? అందరూ పట్టాల్లోకి దిగి దాటేస్తారు. మేమూ దాటేవాళ్లం.

ఆ రోజూ అలాగే మారింది. నేను కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గబగబా అవతలికి ఎక్కేశాను. అత్త మోకాలు పట్టుకుని ఇవతలే నిలబడిపోయింది. నాకు నవ్వొచ్చింది. "అత్త రాకుంటే పోనీ, నువ్వన్నా రారా మణీ!" అని కేక వేశాను. వాడు బన్ను వదిలేసి దూకాడు. మధ్య లైను మీద ఎక్స్‌ప్రెస్ వస్తోంది. నేను చూడలేదు.

అది పోయాక మా బండి వచ్చింది. నేను ఎక్కాను. ఈ వాక్యం రాయడానికి ఇంత కాలం పట్టింది. కంపెనీలో హాజరు పోతుందని ఎక్కాను. కిటికీలోంచి చూస్తే అత్త కొంగు నడుముకు దోపుకుని పట్టాల్లోకి దిగుతోంది.

సాయంత్రం వచ్చేసరికి పెరట్లో మణి మీద మట్టి కప్పేశారు. ఎట్లయిందని వీధిలో ఆడవాళ్లు అడుగుతున్నారు. "నేనే పిలిచినాను. బండి పోతాదని తొందరపడి పిలిచినాను" అని చెప్పింది అత్త. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆమె నా వైపు తిరిగి, "తిన్నావా పాపా?" అంది.

ఆ తర్వాత నాలుగో మణి రాలేదు. అత్త మళ్లీ పట్టాలు దాటలేదు. ఆ మోకాళ్లతో రోజూ బ్రిడ్జి ఎక్కేది. నేను ఆమె సంచి పట్టుకుని వెనకే ఎక్కేదాన్ని. "తిరుత్తణి కొండ మెట్లెక్కేదానికి అందరూ మొక్కుకుంటారు. నాకు ఈ కొండ చాలు" అని నవ్వేది. ఎన్నోసార్లు బండి తప్పిపోయింది. "పోతే పోనీలే. ఇంకో బండి వస్తాది, ఇంకో ప్రాణం యాడ వస్తాది?" అనేది. పైన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా చెప్పేయాలనుకునేదాన్ని. "అత్తా, ఆ రోజు..." అనేసరికి, "ఈ పొద్దు ఏం కూర చేసినావు?" అని అడిగేది. పోయిన సంవత్సరం మోకాళ్లు బొత్తిగా మొరాయించి ఆమె పని మానేసింది. ఇక బ్రిడ్జి మీద నేనొక్కదాన్నే.

శుక్రవారం పొద్దున అందరూ శ్మశానంలో పాలు పోసి వచ్చాక, ఆమె కొడుకు వసారాలో ఒంటరిగా కనిపించాడు. అమ్మకు చెప్పలేనిది వాడికైనా చెప్పాలనిపించింది. ఏడుస్తూనే చెప్పాను. "ఆ పొద్దు మణిని పిలిచింది మీ అమ్మ కాదు రా. నేను."

వాడు తల ఎత్తలేదు. "తెలుసక్కా. అమ్మ ఆ పొద్దే చెప్పినాది. 'ఆ పాప దగ్గర మాత్రం తెలీనట్టే ఉండు. నేనే పిలిచినానని వీధిలో చెప్పినాను. లేదంటే అది మళ్లా ఆ స్టేషన్లో కాలు పెట్టదు' అనినాది."

నేను ఏదో అనబోయాను. అంతలో అరక్కోణం వైపు నుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఆ ఇంట్లో వాళ్లు రైలు వస్తే మాట మధ్యలోనే ఆపేసి, అది పోయాక మిగతాది చెబుతారు. గోడకు ఆనించిన పాల చెంబు గలగలమంది. నేను ఆగాను. వాడు నేను చెప్పబోయేది వినడానికి నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. రైలు పోయింది. వాడింకా చూస్తూనే ఉన్నాడు.