మీగడ కట్టని పాలు

ఆసుపత్రి వంటింట్లో ఇరవై రెండేళ్లుగా పాలు కాస్తున్న వంటక్కకు ఆ ఉదయం ఒళ్లు మండిపోయింది. నర్సమ్మ మోసుకొచ్చిన మాట అలాంటిది మరి.

"అక్కా, ఏడో మంచం మేస్త్రి ఇంకో కిలో తగ్గాడు. ఆపరేషన్ మళ్లీ వాయిదా. పాల మీద మీగడ ఎవరో తీసేస్తున్నారని వార్డంతా గుసగుసలు."

ఎవరో అట! ఆ గిన్నె ముట్టుకునేది వంటక్క ఒక్కతే.

"నా చేతులు పడిపోవాలి, ఒక్క చుక్క నోట్లో వేసుకునుంటే!" అని గరిటె గట్టు మీద విసిరికొట్టింది.

మేస్త్రి గోడ కడుతూ జారిపడి దవడ విరగ్గొట్టుకున్నాడు. పళ్లకు తీగ బిగించారు. నోరు తెరవలేడు, మాట్లాడలేడు, ఏం చెప్పాలన్నా పలక మీద రాయడమే, గొట్టంతో పీల్చే పాలే తిండి. ఒళ్లు కాస్త కోలుకుంటేనే రెండో ఆపరేషన్ అన్నాడు డాక్టరు. అందుకే వంటక్క అతని పాలు అడుగంటకుండా దగ్గరుండి కాచేది, కట్టిన మీగడంతా నలిపి అందులోనే కలిపేది. అలాంటి మనిషికా చేతివాటం అంటగట్టేది?

నిజమే, నెల రోజులుగా మీగడ సరిగ్గా కట్టడం లేదు. మంట ఎక్కువైందేమోనని పిచ్చిది తననే తిట్టుకుంది. పాలు పోసేవాడు మారింది కూడా నెల కిందటే. కొత్తవాడు సూపరింటెండెంటుగారి సొంత బావమరిది. అయ్యగారి టీకి మాత్రం పాత చోటు నుంచే వేరే ప్యాకెట్లు!

వంటక్క రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో వార్డు పాలు, ఒకదాంట్లో అయ్యగారి పాలు. ఒకే మంట, ఒకే పొంగు. చల్లారాక అయ్యగారి పాల మీద మీగడ ముడతలుపడి గరిటెకు చాపలా లేచింది. వార్డు పాల మీద పొర అన్నమాటే లేదు.

రెండూ తీసుకెళ్లి సూపరింటెండెంటు బల్ల మీద, కాగితాల మీదే పెట్టింది.

"చూడండి సార్. దొంగ ఎవరో చెప్పండి."

ఆయన గిన్నెల కింది కాగితాలు లాక్కున్నాడు. "అరవకమ్మా. బావమరిదితో నేను మాట్లాడతాలే. సోమవారం నుంచి మంచి పాలే వస్తాయి."

"ఇవాళ బుధవారం సార్! అందాకా మేస్త్రి గాలి భోంచేయాలా? మీ టీలోకి చిక్కటి పాలు, రోగులకు ఈ కుడితా? సోమవారం దాకా ఇది మీరు తాగండి. సిగ్గుంటే తెలుస్తుంది."

ఉద్యోగం ఊడినా ఊడనీ అనుకుని, మీగడ గిన్నె ఎత్తుకుని వచ్చేసింది.

ఏడో మంచం దగ్గర నిలబడి మీగడ మెత్తగా గిలక్కొట్టి గ్లాసులో పోసింది. మేస్త్రి ఒక గుక్క పీల్చి ఆగాడు. గ్లాసు వంక చూశాడు. తర్వాత అడుగు దాకా వదల్లేదు. పలక అందుకుని మెల్లగా రాశాడు.

'నెల నుంచి నిన్నే తిట్టుకున్నా అక్కా.'

వంటక్కకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"తిట్టుకున్నావులే. ఆ గ్లాసు ఇటివ్వు, ఇంకా ఉన్నాయి."