ఎస్తేరు రాసిన ‘ఆ’

నిన్న పొద్దున ఫోన్ మోగితే ఇన్సూరెన్స్ వాళ్ళనుకుని కట్ చేశాను. వెంటనే మళ్ళీ మోగింది. ఎస్తేరు కూతురు.

"ఆంటీ, మమ్మీ పాస్డ్ అవే."

ఎవరి మమ్మీ అని అడిగాను. ఆ క్షణంలో బుర్ర పనిచేస్తేగా.

ఇక్కడ అమెరికాలో, పిస్కాటవే ఊళ్ళో మా ఎదురు అపార్ట్‌మెంట్ ఎస్తేరుది. బాపట్ల పిల్ల, మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. నా నోటికి భయపడని మనుషులు ఈ దేశంలో తక్కువ. అందులో అదొకతి.

ఏడుపు పోస్ట్ రాయను. అది గెలిచిన రోజు గురించి రాస్తాను.

ఎనభైల మొదట్లో వాళ్ళ తెలుగు క్రైస్తవ సంఘం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో కూడుకునేది. బైబిల్లో మొదటిదైన ఆదికాండమంతా చేత్తో రాసి, పాస్టర్ ప్రసంగం చేసే పుల్‌పిట్ మీద పెట్టుకోవాలనుకున్నారు. ఇంటికి కొన్ని కాగితాలు పంచారు. మొదటి కాగితం ఎస్తేరుకి వచ్చింది.

ఊరికే రాసిచ్చేస్తే అది ఎస్తేరు ఎందుకవుతుంది?

చరిత్రలో ఎం.ఏ. చేశానని నన్ను వెంటబెట్టుకుని న్యూయార్క్‌లో ఒక మ్యూజియంకి రైలెక్కింది. అక్కడ ఏడొందల ఏళ్ళ నాటి ఇటలీ బైబిళ్ళు పెట్టారు. పుస్తకాలు కావు, ముక్కలు. ఒక ముక్క మీద ఆదికాండం మొదటి అక్షరం, స్తంభంలా నిలువుగా. అందులో సృష్టి ఏడు రోజులూ ఒకదాని కింద ఒకటి, నీలం రంగులో, బంగారంలో. ఎవడో బొమ్మ బాగుందని అంతవరకూ కత్తిరించుకుపోయాడు. మిగతా పుస్తకం ఏ గంగలో కలిసిందో!

నేను బంగారం చూస్తున్నాను. ఎస్తేరు అద్దాల పెట్టెకి అవతల వైపు వెళ్ళి వంగి చూస్తోంది.

"అక్కా, ఇటు రా. వెనక వాక్యాలు సగం సగం తెగిపోయాయి చూడు."

తెలుగులో ఆదికాండం ‘ఆదియందు’ అని మొదలవుతుంది; ఆ వేసవంతా వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద ఆ ‘ఆ’ తయారైంది. మన అక్షరం గుండ్రం కదా, ఏడు రోజులూ దాని కడుపులోనే సర్దింది. సూర్యుడు, చంద్రుడు, తాటిచెట్లు, మీసాలతో సహా ఒక రొయ్య.

అక్షరానికి అంటించే బంగారు రేకు ఎగిరిపోతుందని ఇంట్లో ఫ్యాన్ వేయనిచ్చేది కాదు. "తుమ్మొస్తే బయటికెళ్ళి తుమ్మాలట వదినా!" అని వాళ్ళాయన చెమటలు కక్కుతూ నాకు మొరపెట్టుకున్నాడు.

కాగితాలు అప్పగించే ఆదివారం నన్నూ పిలిచింది. సంఘపెద్ద ప్రకాశం గారు ఆ పేజీ చూసి ముఖం ముడుచుకున్నారు.

"దేవుని వాక్యంలో బొమ్మలేంటి సిస్టర్? మన పద్ధతి కాదమ్మా ఇది. బొమ్మ వరకు కత్తిరించేసి, ఆ ఒక్క అక్షరం మామూలుగా రాసి అతికిద్దాం."

సండే స్కూల్ డబ్బాలోంచి కత్తెర తెప్పించారు కూడా. పాస్టర్ గారు కాఫీ వైపు చూశారు.

నేను నోరు తెరవబోతే ఎస్తేరు నా చెయ్యి గిల్లింది.

"కొయ్యండి బ్రదర్. కాకపోతే ఒకసారి తిప్పి చూసి కొయ్యండి."

తిప్పారు.

బొమ్మకి సరిగ్గా వెనక, దేవుడు తాను చేసినదంతా చూసుకుని చాలా బాగుందని మెచ్చుకున్న వాక్యం.

బొమ్మ కోస్తే ఆ మెప్పు తెగుతుంది. కత్తెర గాల్లోనే ఆగిపోయింది.

వెనకనుంచి ఎవరో "ప్రైజ్ ద లార్డ్!" అన్నారు. నవ్వు ఆపుకోలేకే అన్నారని నా నమ్మకం.

కార్లో అడిగాను, "ముందే అనుకుని చేశావా?"

"మరి? ప్రకాశం గారు నాకేమన్నా కొత్తా అక్కా? కాగితం కిటికీకి ఆనించి, వెలుగులో కొలుచుకుని మరీ రాశాను."

ఆ తర్వాత ప్రకాశం గారు బతికున్నన్నాళ్ళూ, కొత్తవాళ్ళెవరొచ్చినా ఆ పేజీ ఆయనే తెరిచి చూపించేవారు. పిల్లలు వేలు పెడితే కసిరేవారు.

ఇప్పుడు ఆ సంఘానికి సొంత చర్చి ఉంది. పేజీ అక్కడే ఉంది. ఇటలీ వాళ్ళకి ముక్కలు మిగిలాయి. మా ఎస్తేరుది మాత్రం అంచుతో సహా మొత్తం మిగిలింది.

వెళ్ళిరా ఎస్తేరూ. నీ దేవుడి దగ్గర నీకు నెమ్మది దొరకాలి.